కార్బన్ ప్లేటు అంటించిన బీమ్ మోడల్ ఎక్కువ లోడ్ చూపిస్తోందా? కాంక్రీటును కదపకండి, ముందు టై తీసెయ్యండి

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాసుకుంటాను, ఇదే చిక్కులో ఉన్న మిగతావాళ్లకీ పనికొస్తుంది. బీమ్ 150 × 300 మి.మీ., స్పాన్ 2 మీటర్లు, రెండు పాయింట్ల లోడ్, ఒక్కో సపోర్టు నుంచి లోడ్ దాకా 700 మి.మీ. అడుగున రెండు 12 మి.మీ. రాడ్లు, 500 మెగాపాస్కల్ స్టీలు, కాంక్రీటు బలం 30 మెగాపాస్కల్. కింద 100 × 1.2 మి.మీ. కార్బన్ ఫైబర్ ప్లేటు ఎపాక్సీతో అంటించారు, దాని మాడ్యులస్ 165 గిగాపాస్కల్. ప్రయోగంలో 150 కిలోన్యూటన్ల దగ్గర ప్లేటు టప్పున ఊడిపోయింది. అబాకస్ సాఫ్ట్‌వేర్‌లో ప్లేటును కాంక్రీటుకి టైతో, అంటే రెండు ఉపరితలాలూ ఎప్పటికీ విడిపోకుండా కట్టేసే షరతుతో, కలిపారు; అక్కడ మాత్రం లోడ్ 190 దాకా పోతోంది, పైన కాంక్రీటు నలిగి ఆగుతోంది. తన్యత బలం తగ్గించినా పీక్ కదల్లేదు, డైలేషన్ యాంగిల్ (నలిగేటప్పుడు కాంక్రీటు ఎంత ఉబ్బుతుందో చెప్పేది) మార్చినా కదల్లేదు, చివరికి కాంక్రీటు బలాన్ని 20కి దించితే 150 వచ్చింది. "ఇలా కాలిబ్రేట్ చేశానని థీసిస్‌లో రాసుకోవచ్చా?" అన్నది మీ ప్రశ్న.

రాసుకోకూడదు. ఆ 150 కాకతాళీయం. మీ మోడల్‌లో అప్పుడు కూడా కాంక్రీటే నలిగింది, ప్లేటు అంటుకునే ఉంది. ప్రయోగంలో జరిగింది వేరే. లోడ్ కలిసినంత మాత్రాన మోడల్ కలిసినట్టు కాదు, వైవాలో ఎవరైనా "ఫెయిల్యూర్ మోడ్ చూపించండి" అంటే అక్కడే దొరికిపోతారు.

సాఫ్ట్‌వేర్ మూసేసి ఒక కాగితం తీసుకోండి. ఈ పని చెయ్యకుండా మెష్ (బీమ్‌ని చిన్న చిన్న ఎలిమెంట్లుగా ముక్కలు చేసిన వల) దగ్గరికి వెళ్లేవాళ్లు చాలామంది, అందుకే ఎక్కడ తప్పిందో తెలియక నెలలు పోతాయి. ప్లేటు లేని బీమ్‌కి మామూలు సెక్షన్ లెక్క వేస్తే మొమెంట్ సుమారు 28 కిలోన్యూటన్ మీటర్లు, అంటే మొత్తం లోడ్ 80 కిలోన్యూటన్లు. ఇప్పుడు ప్లేటు ఎప్పటికీ ఊడదనుకుని లెక్క వెయ్యండి. పైన కాంక్రీటు 0.003 స్ట్రెయిన్‌కి చేరేసరికి ప్లేటులో స్ట్రెయిన్ 0.0078, మొమెంట్ 66 నుంచి 67, లోడ్ 190. మీ మోడల్ చెప్పిన అంకె ఇదే కదా. అంటే మోడల్ తప్పు చెయ్యలేదు, మీరు ఊడని ప్లేటు ఇచ్చారు, అది ఊడని ప్లేటుకి జవాబిచ్చింది. కాంక్రీటును 20కి దించి ఇదే లెక్క మళ్లీ వేస్తే 152 వస్తుంది, మీ "కాలిబ్రేషన్" గుట్టు అదీ.

మూడో లెక్క అసలైనది. అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ (ఏసీఐ) 440.2ఆర్ గైడ్‌లో 2008 ఎడిషన్ నుంచి డీబాండింగ్ స్ట్రెయిన్‌కి, అంటే ప్లేటు ఊడే స్ట్రెయిన్‌కి, ఒక సూత్రం ఉంది. కాంక్రీటు బలాన్ని, పొరల సంఖ్య, ప్లేటు మాడ్యులస్, ప్లేటు మందం ఈ మూడింటి గుణకారంతో భాగించండి, దాని వర్గమూలాన్ని 0.41తో గుణించండి. అన్నీ మెగాపాస్కల్, మిల్లీమీటర్లలోనే ఉండాలి. వచ్చిన విలువ ప్లేటు తెగే స్ట్రెయిన్‌లో 0.9 వంతు దాటకూడదు. మీకు 30ని 1,98,000తో భాగించాలి, వర్గమూలం 0.0123, చివరికి 0.005. ఆ స్ట్రెయిన్ దగ్గర ప్లేటులో బలం 100 కిలోన్యూటన్లు, మొమెంట్ సుమారు 53, లోడ్ 150 చుట్టూ. ప్రయోగం దగ్గరికి వచ్చేశారు, ఒక్క ఎలిమెంట్ కూడా లేకుండా. ఈ సూత్రం డిజైన్ కోసం పెట్టినది, ప్రతి బీమ్‌కీ ఇంత చక్కగా కలుస్తుందని అనుకోకండి. కానీ సమస్య ఏ దిక్కున ఉందో మాత్రం స్పష్టంగా చూపిస్తుంది. మీ ప్రయోగంలో ప్లేటు మధ్యలో స్ట్రెయిన్ గేజ్ పెట్టి ఉంటే పీక్ దగ్గర రీడింగ్ తియ్యండి. 0.005 దరిదాపుల్లో ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

కాబట్టి కాంక్రీటుకీ ప్లేటుకీ మధ్య పెట్టిన టై తీసెయ్యాలి, దాని స్థానంలో కోహెసివ్ ఇంటర్‌ఫేస్, అంటే కొంత బలం దాకా పట్టుకుని ఆ తర్వాత ఊడిపోగల అంటింపు, రావాలి. ఇక్కడే ఎక్కువమంది రెండో గోతిలో పడతారు. ఎపాక్సీ డేటాషీట్ తెరిచి, అందులో ఉన్న షియర్ బలం 15, 20 మెగాపాస్కల్ అని చూసి అదే ఇంటర్‌ఫేస్‌కి ఇచ్చేస్తారు. అలా ఇస్తే టై పెట్టినా ఒకటే, కోహెసివ్ పెట్టినా ఒకటే. ఊడిన ప్లేటు ఫోటో ఉంటే చూడండి, దాని వెనక సన్నటి కాంక్రీటు పొర అంటుకుని వచ్చి ఉంటుంది. అంటింపు సరిగ్గా చేసిన చోట జిగురు తెగదు, జిగురుకి కొన్ని మిల్లీమీటర్ల లోపల కాంక్రీటు తెగుతుంది. అందుకే ఇంటర్‌ఫేస్ బలాన్ని నిర్ణయించేది కాంక్రీటు తన్యత బలం, ఎపాక్సీ కాదు.

దీనికి నేను వాడేది లూ, టెంగ్, యే, జియాంగ్ 2005లో ఇచ్చిన బాండ్-స్లిప్ మోడల్ (ప్లేటు కాంక్రీటు మీద ఎంత జారితే, అంటే ఎంత స్లిప్ అయితే, అంటింపు ఎంత షియర్ మోస్తుందో చెప్పేది), అందులోనూ రెండు గీతల సరళ రూపం. వెడల్పుల నిష్పత్తి ముందు కావాలి. మీకు ప్లేటు 100, బీమ్ 150, నిష్పత్తి 0.667. 2.25లోంచి అది తీసెయ్యండి, 1.25కి అదే కలపండి, మొదటిదాన్ని రెండోదానితో భాగించి వర్గమూలం తీస్తే వెడల్పు గుణకం 0.91. తన్యత బలం 2.9 అనుకుంటే గరిష్ఠ షియర్ దానికి 1.5 రెట్లు, వెడల్పు గుణకంతో కలిపి 3.95 మెగాపాస్కల్. ఆ గరిష్ఠం దగ్గర స్లిప్ 0.0195 × 0.91 × 2.9, అంటే 0.051 మి.మీ. ఫ్రాక్చర్ ఎనర్జీ 0.308 ఇంటూ వెడల్పు గుణకం వర్గం ఇంటూ తన్యత బలం వర్గమూలం, 0.43 న్యూటన్ పర్ మి.మీ. గీత కింద వైశాల్యం అదే కాబట్టి షియర్ సున్నాకి పడే స్లిప్ 0.22 మి.మీ. మొదటి వాలు, అంటే కోహెసివ్ స్టిఫ్‌నెస్, 77 న్యూటన్ పర్ ఘన మి.మీ. జిగురు షియర్ మాడ్యులస్‌ను దాని మందంతో భాగించి వేలల్లో విలువ ఇచ్చేవాళ్లుంటారు, అది జిగురు స్టిఫ్‌నెస్ మాత్రమే. ఈ 77లో జిగురు కింది కాంక్రీటు పొర మెత్తదనం కూడా కలిసి ఉంది.

అబాకస్‌లో దీన్ని ఎక్కించేటప్పుడు ఒక చిన్న మెలిక ఉంది. డ్యామేజ్ ఎవల్యూషన్ (గరిష్ఠం దాటాక అంటింపు ఎలా పాడవుతుందో చెప్పేది) డిస్‌ప్లేస్‌మెంట్ రూపంలో ఇస్తే అది అడిగేది చివరి స్లిప్ కాదు, చివరి స్లిప్‌లోంచి డ్యామేజ్ మొదలైన స్లిప్ తీసేసిన తేడా. మీకు 0.22 కాదు, 0.17. ఎనర్జీ రూపంలో ఇస్తే మొత్తం వైశాల్యం, 0.43, అలాగే ఇవ్వాలి. రెండింటినీ కలగాపులగం చేసేవాళ్లు చాలామంది. ఇంకోటి, ఈ 0.43 చూసి "కాంక్రీటు ఫ్రాక్చర్ ఎనర్జీ 0.14 కదా, ఇదెందుకు మూడు రెట్లు?" అని కంగారుపడి తగ్గించకండి. ఆ 0.14 పగులు నేరుగా తెరుచుకున్నప్పటిది, ఇది షియర్‌లో తెగినప్పటిది. లంబ దిశలో, అంటే ప్లేటు కిందికి లాగేసే దిశలో, కాంక్రీటు తన్యత బలం, ఆ 0.14 ఇవ్వండి. లంబ దిశ అసలు ఇవ్వకుండా వదిలేస్తే ప్లేటు చివర్లలో పీల్ అవడం మోడల్‌కి కనిపించదు.

టై తీసేసి ఇదంతా పెట్టాక కూడా లోడ్ 165, 170 దగ్గర ఆగితే ఆశ్చర్యపోకండి, చాలామందికి అలాగే వస్తుంది. ఎందుకో చెప్తాను, ఈ మొత్తం వ్యవహారంలో అసలు సంగతి ఇదేనని నా అభిప్రాయం.

మీ బీమ్‌లో ప్లేటు ఊడడం చివర్లలో మొదలవలేదు, మధ్యలో వంపు పగుళ్ల దగ్గర మొదలై సపోర్టు వైపు పాకింది. పగులు తెరుచుకుంటే దాని రెండు అంచులూ ప్లేటు మీద విడిపోవాలి, ఆ విడిపోవడమే స్లిప్. 0.05 మి.మీ. దాటగానే అక్కడ షియర్ పడిపోవడం మొదలవుతుంది, పని పక్క భాగానికి బదిలీ అవుతుంది, ఇక జిప్ ఊడినట్టు సాగిపోతుంది. అంటే డీబాండింగ్ ఎప్పుడు మొదలవుతుందనేది పగులు ఎంత తెరుచుకుందన్న దాని మీద నిలబడి ఉంది. మీ కాంక్రీటు మోడల్ పగుళ్లను విడివిడిగా చూపించకుండా అడుగంతా సమానంగా మసకగా పాడైపోయినట్టు చూపిస్తే ఏ ఒక్క చోటా స్లిప్ పెరగదు, ప్లేటు ఊడదు. టెన్షన్ డ్యామేజ్ బొమ్మ తీసి చూడండి. మధ్య భాగమంతా ఒకే ఎర్ర పట్టీలా ఉంటే మీ జబ్బు అక్కడే ఉంది. పగుళ్లు వేరువేరు గీతలుగా, మధ్య మధ్య పాడవని కాంక్రీటుతో కనిపించాలి.

దానికి మూడు పనులు. ఒకటి, తన్యత ప్రవర్తనను స్ట్రెయిన్‌లో కాకుండా పగులు వెడల్పులో ఇవ్వండి. మీరు 0.001 స్ట్రెయిన్ దగ్గర ఒత్తిడి సున్నాకి దించారు, తిన్నటి గీతలా. 15 మి.మీ. ఎలిమెంట్‌లో దాని అర్థం 0.022 ఫ్రాక్చర్ ఎనర్జీ, 50 మి.మీ. ఎలిమెంట్‌లో 0.073. మెష్ మార్చిన ప్రతిసారీ కాంక్రీటే మారిపోతోంది! అంతర్జాతీయ కాంక్రీటు సమాఖ్య ఫిబ్ ఇచ్చిన మోడల్ కోడ్ 2010 ప్రకారం ఈ ఎనర్జీ 73 ఇంటూ సగటు బలానికి 0.18 ఘాతం, న్యూటన్ పర్ మీటర్లలో. మీ సగటు బలం 38 అనుకుంటే 140, అంటే 0.14 న్యూటన్ పర్ మి.మీ. పగులు తెరుచుకునే కొద్దీ ఒత్తిడి ఎలా తగ్గుతుందో చెప్పే హోర్డైక్ వక్రరేఖ వాడితే ఒత్తిడి పూర్తిగా పోయే పగులు వెడల్పు 5.14 ఇంటూ ఎనర్జీని తన్యత బలంతో భాగిస్తే వచ్చేది, 0.25 మి.మీ. టెన్షన్ డ్యామేజ్ విలువలు కూడా ఇవ్వండి. ఒకే దిశ లోడ్‌కి అవి అక్కర్లేదని కొందరంటారు, కానీ పగులు దగ్గర షియర్ స్టిఫ్‌నెస్ తగ్గేది వాటివల్లే.

రెండోది రాడ్లు. ఎంబెడెడ్ పెట్టారు, అంటే రాడ్డుకీ కాంక్రీటుకీ మధ్య జారుడు సున్నా. ఉత్త బీమ్‌కి అదేం పెద్ద తప్పు కాదు. ఇక్కడ మాత్రం పగుళ్ల మధ్య దూరం, వాటి వెడల్పు రాడ్డు బాండ్ మీద ఆధారపడతాయి, అవి ప్లేటు స్లిప్‌ని శాసిస్తాయి. రాడ్డు వెంబడి నోడ్ నోడ్‌కీ స్ప్రింగ్ పెట్టి మోడల్ కోడ్ బాండ్-స్లిప్ ఇవ్వండి. మంచి బాండ్ పరిస్థితిలో గరిష్ఠం సగటు బలం వర్గమూలానికి 2.5 రెట్లు, మీకు 15 మెగాపాస్కల్ చిల్లర, 1 మి.మీ. స్లిప్ దగ్గర. విసుగు పుట్టించే పనే, స్క్రిప్ట్ రాసుకుంటే సాయంత్రంలోగా అయిపోతుంది. తేడా మాత్రం కళ్లకి కనిపిస్తుంది.

మూడోది మెష్. షియర్ మోసే చురుకైన పొడవు ఎంతో చెన్, టెంగ్ 2001 సూత్రంతో తెలుస్తుంది. ప్లేటు మాడ్యులస్ ఇంటూ మందాన్ని కాంక్రీటు బలం వర్గమూలంతో భాగించి మళ్లీ వర్గమూలం, మీకు 190 మి.మీ. అందులో పది పదిహేను ఎలిమెంట్లయినా పడాలి. అడుగు భాగంలో 10 మి.మీ. పెట్టండి, పైన 20 అయినా ఫరవాలేదు. 50 మి.మీ. మెష్‌తో డీబాండింగ్ గురించి మాట్లాడడం వృథా.

మోడల్ స్టిఫ్‌నెస్ ప్రయోగం కన్నా ఎక్కువ వస్తోందన్నారు కదా, అది వేరే ముచ్చట. తేడా పగులు రాకముందు ఉందా, వచ్చాక ఉందా చూడండి. రాకముందే ఉంటే సపోర్టులు చూడాలి, సపోర్టు ప్లేటు అడుగంతా బిగించేశారా లేక ఒక గీత మీదే ఆపారా అని. లేదా ప్రయోగంలో వంపును బీమ్ కింద కాకుండా మెషీన్ క్రాస్‌హెడ్ మీద కొలిచారేమో, అప్పుడు ఫ్రేమ్ సాగింది కూడా అందులో కలిసిపోతుంది, మోడల్‌ని తిట్టి లాభం లేదు. పగులు వచ్చాక తేడా ఉంటే అది తన్యత తోక పొడవు, అంటే పైన చెప్పినదే.

ఇంకో మాట, మీది ప్లేటు కాబట్టి మీకు వర్తించదు గానీ షీట్ వాడేవాళ్లకి చెప్తున్నా. బట్టలా ఉండి రెజిన్‌తో తడిపి అంటించే షీట్‌కి డేటాషీట్‌లో పొడి ఫైబర్ మందం ఇస్తారు, 0.167 మి.మీ. లాంటిది, దానికి తోడు ఫైబర్ మాడ్యులస్ 230 గిగాపాస్కల్. ఈ జంటను విడదీసి, 230 తీసుకుని, మందం మాత్రం కొలిచిన 1 మి.మీ. ఇస్తే షీట్ ఆరు రెట్లు బలిసిపోతుంది. ఇలాంటి మోడల్స్ సమీక్షకి వచ్చినప్పుడు నేను మొదట చూసేది ఇదే.

సాల్వర్ సంగతి. అబాకస్ స్టాండర్డ్‌లో (అడుగడుగునా సమతుల్యత వెతికే స్టాటిక్ సాల్వర్) లెక్క కన్వర్జ్ కావట్లేదని, కాంక్రీటుకి విస్కాసిటీ (డ్యామేజ్‌ని కాస్త ఆలస్యం చేసి లెక్క కుదిర్చే సంఖ్య) 0.01 పెట్టానన్నారు. కన్వర్జ్ అయింది నిజమే, కానీ అంత పెడితే కాంక్రీటుకి లేని బలాన్ని మీరే అద్దెకి తెచ్చినట్టు. దాన్ని తగ్గించుకుంటూ పోండి, సగం చేసినప్పుడు పీక్ మారితే ఇంకా ఎక్కువగా ఉన్నట్టే. కోహెసివ్‌కి ఇచ్చే విస్కాసిటీ వేరే, దానికీ ఇదే పరీక్ష. ఆటోమేటిక్ స్టెబిలైజేషన్ పెట్టి ఉంటే ఆ ఎనర్జీ మొత్తం ఇంటర్నల్ ఎనర్జీలో ఎంత శాతమో తప్పకుండా గ్రాఫ్ తియ్యండి.

నా సలహా, డీబాండింగ్ కోసం ఎక్స్‌ప్లిసిట్‌కి (చిన్న చిన్న సమయపు అడుగుల్లో కదలికను లెక్కించే సాల్వర్) మారిపోండి. ఊడడం అనేది ఒక్కసారిగా ఎనర్జీ వదిలే ఘటన, స్టాటిక్ సాల్వర్ అక్కడ తలకిందులవడం సహజం. మీ బీమ్ మొదటి సహజ పౌనఃపున్యం సుమారు 120 హెర్ట్జ్, అంటే ఒక ఊగు 8 మిల్లీసెకన్లు. లోడ్‌ని 0.2 నుంచి 0.5 సెకన్లలో మెత్తగా, స్మూత్ స్టెప్‌తో, డిస్‌ప్లేస్‌మెంట్ రూపంలో ఇవ్వండి. కైనెటిక్ ఎనర్జీ ఇంటర్నల్ ఎనర్జీలో 5 శాతం లోపుండాలి, మొట్టమొదటి క్షణాలనీ ఊడిన క్షణాన్నీ వదిలేసి. ఊడినప్పుడు అది ఎగిరితే ఎగరనివ్వండి, ప్రయోగంలో వచ్చిన టప్పు శబ్దం అదే. లోడ్ పాయింట్ల దగ్గరి బలం, సపోర్టుల దగ్గరి బలం ఒకదానిమీద ఒకటి గీసి చూడండి, రెండూ అతుక్కుని పోవాలి. టైమ్ ఇంక్రిమెంట్ ఎందుకింత చిన్నగా వస్తోందని వెతుక్కుంటే కాంక్రీటు వైపు కాదు ప్లేటు వైపు చూడండి. కార్బన్‌లో శబ్ద వేగం సెకనుకి 10 కిలోమీటర్లు, 10 మి.మీ. ఎలిమెంట్‌కి ఒక మైక్రోసెకను. కోహెసివ్‌ని పల్చటి ఎలిమెంట్లుగా పెడితే ఇంకా తగ్గిపోతుంది, అందుకే సర్‌ఫేస్ కాంటాక్ట్ రూపంలో పెట్టడం తేలిక.

వరుస మాత్రం తప్పించకండి. ముందు ప్లేటు లేని బీమ్‌ని మోడల్ చేసి 80 దగ్గర ప్రయోగంతో కలపండి. అక్కడ కాంక్రీటు విలువలకి తాళం వేసెయ్యండి, తర్వాత ఏం జరిగినా ముట్టుకోకండి. అప్పుడు ప్లేటు, ఇంటర్‌ఫేస్ పెట్టండి. ఫలితం పోల్చేటప్పుడు లోడ్-వంపు ఒక్కటే కాదు, ప్లేటు పొడవునా స్ట్రెయిన్ ఎలా ఉందో రెండు మూడు లోడ్ స్థాయిల దగ్గర పోల్చండి. టై మోడల్‌లో అది నున్నటి గీత, ఊడుతున్న మోడల్‌లో పగులు పగులుకీ మెట్లు కనిపిస్తాయి, ప్రయోగంలో గేజ్‌లు దగ్గర దగ్గరగా ఉంటే అందులోనూ కనిపిస్తాయి.

చివర్లలో స్టీలు మట్టం దగ్గర కాంక్రీటు కవరే ఊడివచ్చే ఫెయిల్యూర్ ఉంటుంది, ప్లేటు సపోర్టుకి చాలా ముందే ఆగిపోయిన బీమ్స్‌లో ఎక్కువ. దాన్ని ఈ ఇంటర్‌ఫేస్ పట్టుకోదు, అది కాంక్రీటు ఎలిమెంట్లలోనే రావాలి. మీ ప్లేటు 1,800 మి.మీ. ఉంది కాబట్టి ప్రస్తుతానికి దాని జోలికి వెళ్లకండి.

మీ గైడ్ పారామెట్రిక్ స్టడీ అడిగారన్నారు, ప్లేటు మందం రెట్టింపు చేస్తే ఏమవుతుందని. టై మోడల్‌తో అది మొదలుపెట్టకండి. డీబాండింగ్ స్ట్రెయిన్ మందం వర్గమూలం కొద్దీ తగ్గుతుంది కాబట్టి 2.4 మి.మీ. ప్లేటులో బలం (బీమ్ మీది లోడ్ కాదు) 100 నుంచి రెట్టింపై 200 కిలోన్యూటన్లకి చేరదు, 140 దగ్గరే ప్లేటు ఊడుతుంది. కొత్త మోడల్ సిద్ధమయ్యాక మొదటి రన్ ఇదే పెట్టండి. ప్లేటులో బలం 140 చుట్టుపక్కల వస్తే మిగతా రన్లు ధైర్యంగా వేసుకోవచ్చు.